బధిరుని పాదాల దగ్గర కూర్చున్న బోధకుడు

వినడానికీ విశ్వాసానికీ ఉన్న సంబంధం గురించి పౌలు రోమా పత్రిక పదో అధ్యాయంలో రాసిన మాట మనలో చాలామందికి కంఠతా వచ్చు. మన ఆరాధన కూడా దాదాపు చెవి మీదే నడుస్తుంది. పాట వింటాం, వాక్యం వింటాం, ప్రార్థన విని ఆమేన్ అంటాం. మరి వినికిడి లేనివారి మాటేమిటి? అలాంటి బిడ్డ మన సంఘంలో ఉంటే, తల్లి పక్కన కూర్చుని, అందరూ లేచినప్పుడు లేచి, అందరూ కూర్చున్నప్పుడు కూర్చుని, రెండు గంటలు కిటికీ వైపు చూసి ఇంటికి వెళ్లిపోతుంది. యేసుప్రభువు ఆమె కోసం కూడా ప్రాణం పెట్టాడని ఆ బిడ్డకు ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? రెండు వందల ఏళ్ల క్రితం ఈ ప్రశ్న అమెరికాలో ఒక యువ బోధకుణ్ని పట్టుకుని వదల్లేదు. ఆయన పేరు థామస్ హాప్కిన్స్ గ్యాలడెట్.

ఆయన 1787 డిసెంబరు 10న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. 1800లో ఆ కుటుంబం కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ పట్టణానికి వచ్చి స్థిరపడింది. తండ్రి వైపు వారు హ్యూగెనాట్లు. అంటే ఒకప్పుడు ఫ్రాన్సులో ప్రొటెస్టెంటు విశ్వాసం కోసం హింసలు పడి, ఇల్లూ వాకిలీ వదిలి దేశాలు పట్టిపోయిన వారి సంతతి. ఈ సంగతి గుర్తు పెట్టుకుందాం, ముందు ముందు అవసరం పడుతుంది.

పిల్లవాడు చదువులో దిట్ట. 1805లో, 17 ఏళ్ల వయసులో యేల్ కాలేజీ నుంచి పట్టా తీసుకున్నాడు. కానీ ఒంట్లో బలం లేదు. చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తుల బాధ. న్యాయశాస్త్రం మొదలుపెట్టి వదిలేశాడు. కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పాడు. ఆరోగ్యం కుదుటపడుతుందని గుర్రమెక్కి ఊరూరా సరుకులమ్మే వర్తకుడిగానూ తిరిగాడు. ఏ పనిలోనూ కుదురుకోని ఇలాంటి కొడుకు మన ఇంట్లో ఉంటే చుట్టాలు ఏమనేవారో మనకు తెలుసు. చివరికి 1812లో ఆండోవర్ సెమినరీలో చేరాడు. మన తెలుగు బాప్టిస్టులకు బాగా తెలిసిన అదోనిరామ్ జడ్సన్ చదివింది కూడా అక్కడే. జడ్సన్ తన సహచరులతో కలిసి ఓడెక్కి మన దేశం వైపు బయల్దేరిన సంవత్సరం కూడా 1812. ఆ సెమినరీలో మిషనరీ ఉత్సాహం మండుతున్న రోజులవి. సముద్రాలు దాటి సువార్త తెలియని వారిని వెతుక్కుంటూ వెళ్లాలని అందరూ కలలు కంటున్నారు. గ్యాలడెట్ 1814లో చదువు ముగించి, ప్రసంగించడానికి అనుమతి పొంది ఇంటికి వచ్చాడు. సువార్త చేరని మనిషి ఆయనకు పక్కింట్లోనే కనిపించింది. ఆమె వయసు ఎనిమిదేళ్లు.

ఆ పాప పేరు ఆలిస్. పొరుగున ఉండే ప్రముఖ వైద్యుడు మేసన్ ఫిచ్ కాగ్స్‌వెల్ కూతురు. రెండేళ్లు దాటాక వచ్చిన విషజ్వరం ఆమె వినికిడిని తీసుకెళ్లింది. అప్పుడప్పుడే వస్తున్న మాటలు కూడా దాంతోపాటే పోయాయి. 1814లో ఒకరోజు గ్యాలడెట్ తమ్ముళ్లు, చెల్లెళ్లు పెరట్లో ఆడుకుంటుంటే ఆలిస్ కూడా వారితో ఉంది. ఆయన ఆ పాపను దగ్గరకు పిలిచి, తన టోపీ చూపించి, ఒక పుల్లతో మట్టిలో హెచ్, ఏ, టీ అనే మూడు అక్షరాలు రాశాడు. ఒకసారి టోపీని, ఒకసారి ఆ గీతల్ని చూపించాడు. ఆ గీతలకూ ఆ వస్తువుకూ సంబంధముందని పాప గ్రహించింది. ఆమె తండ్రికి అది ఎండిన నేల మీద తొలకరి పడినట్టే అయింది.

డాక్టర్ కాగ్స్‌వెల్ అప్పటికే చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కనెక్టికట్‌లో తన కూతురిలాంటి వారు ఎంతమంది ఉన్నారో లెక్క తీయించాలనుకున్నాడు. ఆ పని ఎవరికి అప్పగించాడో తెలుసా? పాస్టర్లకు. ప్రతి ఊళ్లో ప్రతి ఇంటి సంగతీ తెలిసేది వారికే కదా. 1812లో కాంగ్రిగేషనల్ సంఘాల కాపరులు వాకబు చేసి తేల్చిన లెక్క 84 మంది. ఒక్క చిన్న రాష్ట్రంలోనే అంతమంది ఉంటే దేశమంతటా వేలల్లో ఉంటారని ఆయనకు అర్థమైంది. కాని వారికోసం అమెరికాలో శాశ్వతమైన పాఠశాల ఒక్కటీ లేదు. ఈలోగా ఆలిస్‌ను హార్ట్‌ఫర్డ్‌లో లిడియా హంట్లీ అనే ఉపాధ్యాయురాలి చిన్న బడికి పంపారు. ఆ తర్వాత లిడియా సిగర్నీ పేరుతో కవయిత్రిగా ప్రసిద్ధురాలైంది ఆమే. పాప మీద ఆమెకు ఎంత ప్రేమ ఉన్నా ఈ విద్యలో శిక్షణ లేదు. ప్రేమ ఒక్కటే చాలదని డాక్టరుకు తెలుసు. వైద్యుడు కదా, రోగి మీద జాలి ఉన్నంత మాత్రాన మందు ఇవ్వలేమని ఆయనకు వేరే చెప్పాలా?

1815 ఏప్రిల్‌లో ఆయన ఇంట్లో ఊరి పెద్దలు సమావేశమయ్యారు. యూరప్‌కు ఎవరినైనా పంపి, బధిరులకు చదువు చెప్పే విద్య నేర్పించి తీసుకురావాలని తీర్మానించి చందాలు వేసుకున్నారు. ఎవరు వెళ్లాలన్నప్పుడు అందరి చూపూ గ్యాలడెట్ మీదే పడింది. ఆయన కాసేపు తటపటాయించాడు. సెమినరీలో చదివింది ప్రసంగ పీఠం కోసం. కాపరిగా ఏదైనా సంఘంలో స్థిరపడితే గౌరవంగా బతకొచ్చు. పైగా ఇది ఎవరూ నడవని దారి. ప్రార్థనలో ఆలోచించి చివరకు ఒప్పుకున్నాడు. ఆ ఏడాది మే నెలలో ఓడెక్కాడు. అప్పుడు ఆయన వయసు 27.

ఆయన మొదట వెళ్లింది ఇంగ్లండుకు. అక్కడ ఎదురైంది మూసిన తలుపు. బ్రిటన్‌లో ఈ విద్య బ్రెయిడ్‌వుడ్ కుటుంబం చేతుల్లో ఉండేది. థామస్ బ్రెయిడ్‌వుడ్ 1760లో ఎడిన్‌బరోలో బడి పెట్టాడు. ఆ తరువాత కుటుంబం లండన్‌కూ విస్తరించింది. బధిర పిల్లలతో పెదవుల కదలిక చదివించి నోటితో మాట్లాడించడం వారి పద్ధతి. అది వారి ఇంటి ఆస్తి, వారి వ్యాపార రహస్యం. పరదేశి వచ్చి కొన్ని నెలల్లో నేర్చుకుని పోతానంటే వారికి నచ్చలేదు. లండన్ బడిలో మూడేళ్లు సహాయకుడిగా పనిచేయాలని షరతు పెట్టారు. అది కూడా తెల్లవారింది మొదలు రాత్రి దాకా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని. నేర్చుకున్నది గుట్టుగా ఉంచాలన్నది మరో చిక్కు. అక్కణ్నించి ఎడిన్‌బరో వెళ్లాడు. అక్కడి ఉపాధ్యాయుడు రాబర్ట్ కిన్నిబరో మంచివాడు, నేర్పాలని మనసులో ఉంది. కానీ ఇతరులకు చెప్పనని బ్రెయిడ్‌వుడ్‌లకు బాండు రాసిచ్చి ఉన్నాడు. అలా ఆ చలికాలమంతా ఎడిన్‌బరోలో గడిచిపోయింది. హార్ట్‌ఫర్డ్‌లో చందాలిచ్చిన వారు ఎదురుచూస్తున్నారు, ఆలిస్ ఎదురుచూస్తోంది, ఈయన చేతిలో మాత్రం ఏమీ లేదు.

ఉచితంగా పొందినదాన్ని ఉచితంగా ఇవ్వాలని ప్రభువు శిష్యులకు చెప్పిన సంగతి మత్తయి పదో అధ్యాయంలో ఉంది. బ్రెయిడ్‌వుడ్‌లను ఇక్కడ దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు, వారికీ ఇల్లు గడవాలి. అయినా, ఒక బిడ్డ నోరు తెరిచే విద్యను తాళం వేసి దాచుకోవడం ఎలాంటిదో ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది.

తెరిచిన తలుపు వేరే చోట ఉంది. గ్యాలడెట్ లండన్‌లో ఉండగా 1815 వేసవిలో ఒక ప్రదర్శన చూశాడు. పారిస్‌లోని బధిరుల రాజకీయ విద్యాలయానికి అధిపతి అయిన సికార్ అనే కతోలిక గురువు, నెపోలియన్ తిరిగి గద్దెనెక్కిన ఆ కల్లోలంలో లండన్‌కు వచ్చి ఉన్నాడు. తన శిష్యులిద్దరిని వేదిక మీద నిలబెట్టి, సభికుల ప్రశ్నలు వారికి సైగలతో అందించేవాడు. వారు జవాబులు రాసి చూపించేవారు. ఆ ఇద్దరూ పుట్టుకతోనో పసితనంలోనో వినికిడి లేనివారు, అప్పటికే పేరుమోసిన ఉపాధ్యాయులు. ఒకరు జాన్ మస్యూ, రెండోవారు లారెంట్ క్లెర్క్. దేవుని గురించి, ఆత్మ గురించి, ప్రేమ గురించి అడిగినా వారి కలం తడబడలేదు. బధిరునికి లోతైన ఆలోచన ఉండదని నమ్మే రోజుల్లో అది చూసినవారికి కళ్లు తిరిగే దృశ్యం. పారిస్‌కు వస్తే అన్నీ నేర్పిస్తామని సికార్ గ్యాలడెట్‌ను ఆహ్వానించాడు. రుసుం లేదు, రహస్యం లేదు.

ఆ పారిస్ బడి పుట్టుక కూడా మనం తెలుసుకోదగ్గదే. 1760 ప్రాంతంలో లెపే అనే గురువు ఒక ఇంట్లో బధిరులైన అక్కచెల్లెళ్లను చూశాడు. దేవుని గురించి ఏమీ తెలియకుండానే వీరు చనిపోతారే అన్న బాధతో వారికి నేర్పడం మొదలుపెట్టాడు. పారిస్ వీధుల్లోని బధిరులు అప్పటికే తమలో తాము వాడుకునే సైగలను గమనించి, వాటినే ఆధారం చేసుకుని పాఠం చెప్పాడు. పేదా గొప్పా తేడా లేకుండా అందర్నీ చేర్చుకున్నాడు. తన పద్ధతిని అచ్చువేసి లోకానికి పంచిపెట్టాడు.

ఇప్పుడు హ్యూగెనాట్ల సంగతి గుర్తు చేసుకుందాం. తాతల్ని తరిమిన దేశానికి మనవడు వెళ్లాలి. ఆ తాతలు ఎవరి చేతుల్లో బాధలు పడ్డారో ఆ సంఘపు గురువుల దగ్గరే కూర్చుని నేర్చుకోవాలి. కాల్విన్ బోధలో పెరిగిన కాంగ్రిగేషనల్ బోధకుడికి ఇది చిన్న సంగతి కాదు. కానీ ఆయన 1816 తొలి నెలల్లో పారిస్ చేరాడు. అక్కడున్నంత కాలం తన విశ్వాసాన్ని దాచుకోలేదు. ఓరటోయిర్ అనే ప్రొటెస్టెంటు ఆలయంలో ఆంగ్లం తెలిసిన వారికి ప్రసంగాలు చేశాడు, తరువాత అవి పుస్తకంగా కూడా వచ్చాయి. ఆదివారం ప్రసంగ పీఠం ఎక్కే ఆ మనిషి, మిగతా రోజుల్లో బడిపిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. అక్షరానికొక వేలి ముద్ర, మాటకొక సైగ, ముఖంలో పలికే భావం, ఇవన్నీ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి పై తరగతుల దాకా నేర్చుకుంటూ పోయాడు.

అక్కడ ఆయనకు ప్రత్యేకంగా పాఠాలు చెప్పింది క్లెర్క్. ఈ మనిషి గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 1785లో ఫ్రాన్సులోని ఒక పల్లెలో పుట్టాడు. ఏడాది వయసులో కుర్చీ మీద నుంచి పొయ్యి దగ్గర మంటలో పడ్డాడు. బుగ్గ మీద మచ్చ పడింది. వినికిడి లేదన్న సంగతి ఆ తర్వాతే ఇంట్లోవారు గుర్తించారు. పన్నెండేళ్ల దాకా ఆవుల్ని తోలుకుంటూ పెరిగాడు. పారిస్ బడిలో చేరాక విద్యార్థుల్లో మేటి అయ్యాడు, ఉపాధ్యాయుడై పై తరగతికి చదువు చెప్పాడు. బధిరులు ఆయన్ను పిలుచుకునే సైగ పేరు ఆ బుగ్గ మచ్చనే చూపిస్తుంది, రెండు వేళ్లు బుగ్గ మీద నుంచి కిందికి జారడం. లోకం లోపమని చూసే దాన్నే ఆ లోకంలో పేరుగా పెట్టుకున్నారు.

గ్యాలడెట్‌కు ఒక సంగతి త్వరగానే అర్థమైంది. తాను రెండు మూడు నెలల్లో నేర్చుకునే సైగలు ఆలిస్‌కు చాలవు. ఈ భాష పుట్టినప్పటి నుంచీ కళ్లలో చేతుల్లో ఉన్న మనిషి హార్ట్‌ఫర్డ్‌కు రావాలి. వినగలిగినవాడు ఎంత కష్టపడి నేర్చినా, వినలేని పిల్లకు వినలేని గురువు కనిపిస్తే కలిగే ధైర్యం వేరు. అందుకే క్లెర్క్‌ను తనతో రమ్మన్నాడు. సికార్ ముందు ఇష్టపడలేదు, తరువాత సరేనన్నాడు. కొడుకు వెళ్లొద్దని క్లెర్క్ తల్లి కన్నీరు పెట్టుకుంది. చివరకు 1816 జూన్‌లో మూడేళ్లకు ఒప్పందం రాసుకున్నారు. కతోలిక విశ్వాసానికి విరుద్ధమైనదేదీ బోధించమని క్లెర్క్‌ను బలవంతం చేయకూడదన్న షరతు కూడా అందులో ఉంది. బోధకుడైన గ్యాలడెట్ దానికి ఒప్పుకున్నాడు. మనలో ఎంతమందిమి అలా ఒప్పుకుంటామో చెప్పలేం.

జూన్ 18న ఓడ బయల్దేరింది. గాలి అనుకూలించక ప్రయాణం 52 రోజులు పట్టింది. ఆ ఓడ మీద ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు గురువులు. క్లెర్క్ గ్యాలడెట్‌కు సైగలు నేర్పాడు, గ్యాలడెట్ క్లెర్క్‌కు ఆంగ్లం నేర్పాడు. క్లెర్క్ అప్పుడప్పుడే వస్తున్న ఆంగ్లంలో దినచర్య రాసి దిద్దించుకునేవాడు. ఆగస్టు 9న న్యూయార్క్‌లో దిగేసరికి ఆ దినచర్య ఒక చిన్న పుస్తకమంత అయింది. గ్యాలడెట్‌కు ఈ పరిచర్యలో అసలైన సెమినరీ ఏదంటే, ఆండోవర్ కంటే ముందు ఈ ఓడనే చెప్పుకోవాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన పిల్లల సంగతి అనుకుందాం. దివ్యాంగుల సేవలోకి వెళ్లాలనే కోరిక మన సంఘాల్లోని యువతీ యువకుల్లో కనిపిస్తూనే ఉంది. కానీ ప్రార్థన చేసి బట్టలు పంచి, పండ్లిచ్చి ఫొటో దిగి వస్తే సరిపోతుందని చాలామంది పెద్దలే అనుకుంటారు. మన దేశంలో 1992లో వచ్చిన పునరావాస మండలి చట్టం ప్రకారం, ప్రత్యేక విద్య బోధించేవారు గుర్తింపు పొందిన కోర్సు చదివి నమోదు చేయించుకోవాలి. స్పీచ్ థెరపీ వారికీ అంతే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మానసిక వికలాంగుల కోసం జాతీయ సంస్థ ఉంది. ఢిల్లీలో 2015లో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం మొదలైంది. ఇంటర్ ముగించిన బిడ్డ ఈ చదువులు చదువుతానంటే, ఇంజినీరింగ్ వదిలేసి ఇదేం చదువని తల కొట్టుకునే ముందు గ్యాలడెట్ తల్లిదండ్రుల్ని తలుచుకుంటే మంచిది. యేల్‌లో చదివిన పెద్ద కొడుకును వేళ్లతో అక్షరాలు నేర్చుకోవడానికి సముద్రం దాటించారు వారు.

అమెరికా చేరాక కొన్ని నెలలపాటు క్లెర్క్, గ్యాలడెట్, డాక్టర్ కాగ్స్‌వెల్ బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి పట్టణాలన్నీ తిరిగి నిధులు సేకరించారు. సభలో ఎవరైనా ప్రశ్న అడిగితే క్లెర్క్ జవాబు రాసి చూపించేవాడు. నెలల క్రితం రాని భాషలో! అది చూశాక ఇక ప్రసంగాలు అక్కర్లేకపోయింది. కనెక్టికట్ శాసనసభ 5 వేల డాలర్లు మంజూరు చేసింది.

1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో అద్దెకు తీసుకున్న గదుల్లో బడి తెరుచుకుంది. మొదటి రోజున విద్యార్థులు ఏడుగురు. జాబితాలో మొదటి పేరు ఆలిస్‌ది. తొలి విద్యార్థుల్లో జాన్ బ్రూస్టర్ అనే ఆయన వయసు 51. న్యూ ఇంగ్లండులో ఊరూరా తిరిగి ధనవంతుల ముఖచిత్రాలు గీసే పేరున్న చిత్రకారుడు. ఎంతోమంది ముఖాల్ని చూసి గీసిన ఆ మనిషి, ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడే భాష లేకుండానే అంత వయసు వచ్చేదాకా బతికాడు. చిన్నపిల్లల పక్కన బల్ల మీద కూర్చోవడానికి ఆయన సిగ్గుపడలేదు. కొన్నేళ్లు చదువుకుని మళ్లీ బొమ్మలు గీసే పనికి వెళ్లాడు.

బడి మొదలైన తర్వాత వచ్చిన ఆదివారమే గ్యాలడెట్ హార్ట్‌ఫర్డ్ ప్రజల ముందు ప్రసంగం చేశాడు. ఆ తర్వాత బడిలో ఉదయం, సాయంత్రం సైగలతో ప్రార్థన జరిగేది. ఆదివారం వాక్యమూ చేతులతోనే చెప్పేవాడు. మార్కు ఏడో అధ్యాయంలో ప్రభువు దెకపొలి ప్రాంతంలో బాగుచేసిన బధిరుని చూడండి. ఆయన ఆ మనిషిని గుంపులోంచి పక్కకు తీసుకెళ్లాడు. చెవుల్లో వేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూశాడు. నోటిమాట వచ్చింది ఆ తర్వాతే. వినలేనివానికి అర్థమయ్యే భాషలో ప్రభువు ముందు మాట్లాడాడని దీన్నిబట్టి మనం తెలుసుకోవచ్చు. లూకా మొదటి అధ్యాయంలో జెకర్యా బంధువులు ఆయనతో సైగలతోనే మాట్లాడారు, ఆయన పలక మీద రాసి జవాబిచ్చాడు. సైగలు దేవుని ఆలయానికి కొత్తవేమీ కావు.

ఈ భాష గురించి ఒక అపోహ మనలో ఇప్పటికీ ఉంది. సైగల భాష అంటే మూకాభినయం లాంటిదని, ఇంగ్లిషో తెలుగో చేతులతో చూపించడమేనని అనుకుంటాం. అది నిజం కాదు. దానికి తనదైన పదజాలం, తనదైన వ్యాకరణం ఉన్నాయి. క్లెర్క్ తెచ్చిన ఫ్రెంచి సైగలు, పిల్లలు ఇళ్లలో కల్పించుకున్న సైగలు, మార్తాస్ వినియర్డ్ అనే దీవి నుంచి వచ్చిన పిల్లల సైగలు హార్ట్‌ఫర్డ్ బడి ఆవరణలో కలిసిపోయాయి. ఆ దీవిలో వంశపారంపర్య చెవుడు ఎంత ఎక్కువంటే, వినగలిగినవారు కూడా సైగలు నేర్చి ఇరుగుపొరుగుతో మాట్లాడేవారు. అలా పుట్టినదే ఇవాళ అమెరికా సైగల భాష. అది సంపూర్ణమైన భాష అని 1960లో విలియం స్టోకో అనే అధ్యాపకుడు శాస్త్రీయంగా చూపించాడు. మన దేశంలో వాడేది దీనికంటే వేరైన భారతీయ సైగల భాష.

1819లో అమెరికా కాంగ్రెస్ బడికి అలబామాలో 23 వేల ఎకరాల భూమి ఇచ్చింది. ఆ ఆదాయంతో బడి నిలదొక్కుకుంది. మూడేళ్ల కోసం వచ్చిన క్లెర్క్ 1858 దాకా అక్కడే బోధించాడు.

1821లో గ్యాలడెట్ పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురు సోఫియా ఫౌలర్, ఆ బడి తొలి విద్యార్థినుల్లో ఒకరు. పుట్టుకతో వినికిడి లేదు. 19 ఏళ్లు వచ్చేదాకా అక్షరం ముఖం చూడలేదు. ఈ పెళ్లి గురించి ఊళ్లో గుసగుసలు లేకుండా ఉండవు. బధిరులకు సేవ చేయడం ఒక ఎత్తు, బధిరురాల్ని ఇల్లాలిగా చేసుకోవడం మరో ఎత్తు. సేవ చేసేవాడు పైన, చేయించుకునేవాడు కింద అన్న మెట్టు ఆ ఇంట్లో పడిపోయింది. వారికి ఎనిమిది మంది పిల్లలు. వినగలిగిన ఆ పిల్లలకు తల్లిభాష అక్షరాలా సైగల భాషే.

గ్యాలడెట్‌లో లోపాలు లేవని మేము చెప్పం. చదువు లేని బధిరులు దేవుని ఎరుగని చీకటిలో ఉన్నారన్న ఆయన మాటల ధోరణి నేటి బధిరుల్లో చాలామందికి నొప్పి కలిగిస్తుంది. తమ భాషను, తమ బుద్ధిని తక్కువ చేసినట్టు వారికి తోస్తుంది. ఆ బడికి మొదట పెట్టిన పేరులోని మాటల్ని ఇప్పుడెవరూ వాడరు. మనం కూడా మూగవాడు, చెవిటివాడు అని పిలవడం మానుకోవాల్సిన రోజులివి. నల్లజాతివారిని ఆఫ్రికాకు తిరిగి పంపాలన్న సంఘానికి ఆయన మద్దతిచ్చాడు, దాన్ని చాలామంది నల్లజాతి క్రైస్తవులే ఆనాడు తప్పుపట్టారు. ఇంకొకటి, బడికి కీర్తి అంతా ఆయన పేరిట పోయి క్లెర్క్ పేరు చాలాకాలం నీడలో ఉండిపోయింది. బధిరులు మాత్రం ఆయన్ను మరువలేదు.

పని భారం, బలహీనమైన ఒళ్లు, పాలకవర్గంతో చికాకులు కలిసి 1830లో ఆయన బడి బాధ్యత వదిలాడు. ఆ ఏడాది డిసెంబరులో డాక్టర్ కాగ్స్‌వెల్ కన్నుమూశాడు. ఆలిస్ ఆ దుఃఖాన్ని తట్టుకోలేకపోయింది. ఆ నెల ముగిసేలోగానే ఆమె కూడా తండ్రి దగ్గరకు వెళ్లిపోయింది. వయసు 25. ఈ పరిచర్యకు కారణమైన ఇద్దరూ ఒక్క నెలలో వెళ్లిపోతే గ్యాలడెట్ మనసు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. తర్వాత ఆయన పిల్లల కోసం భక్తి పుస్తకాలు రాశాడు. 1831లో ఆత్మ గురించి పిల్లలకు విడమరచి చెప్పిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది. 1838 నుంచి హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో చాప్లెయిన్‌గా పనిచేశాడు. గొలుసులు, కొరడాలు ఇంకా పూర్తిగా పోని కాలంలో ఆ రోగుల మంచాల దగ్గర కూర్చుని ప్రార్థించాడు. చివరిదాకా అదే పని. 1851 సెప్టెంబరు 10న ప్రభువు నందు నిద్రించాడు.

ఆయన పెద్ద కొడుకు థామస్ ఎపిస్కోపల్ సంఘంలో గురువై, 1852లో న్యూయార్క్‌లో బధిరుల కోసం ఆలయం స్థాపించాడు. చిన్న కొడుకు ఎడ్వర్డ్ 1857లో వాషింగ్టన్‌లోని బధిరుల బడి బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి వయసు 20. అంత చిన్నవాడు ఎలా నడుపుతాడని అనుకున్నవారికి జవాబు ఆయన పక్కనే ఉంది. భర్త పోయిన సోఫియా, 59 ఏళ్ల వయసులో ఆ బడికి మేట్రన్‌గా వెళ్లింది. చట్టసభల సభ్యులు వచ్చినప్పుడు తన చేతులతో, కొడుకు అనువాదంతో బడి అవసరాలు వివరించేది. 1864లో అబ్రహాం లింకన్ సంతకంతో ఆ బడికి కాలేజీ పట్టాలిచ్చే అధికారం వచ్చింది. 1880లో మిలాన్ మహాసభలో ఉపాధ్యాయులు బడుల్లో సైగలు నిషేధించాలని తీర్మానించినప్పుడు ఎడ్వర్డ్ దాన్ని వ్యతిరేకించాడు. 1894లో ఆ కాలేజీకి తండ్రి గ్యాలడెట్ పేరు పెట్టారు. బధిరులకు చదువు చెప్పాలనుకునే, వినికిడి ఉన్నవారి కోసం అక్కడ 1891లోనే శిక్షణ తరగతి ప్రారంభించారు. 1893లో కలకత్తాలో మొదలైన బధిరుల పాఠశాల నుంచి జామినీనాథ్ బెనర్జీ అనే ఉపాధ్యాయుడు ఆ దశాబ్దంలోనే ఇంగ్లండు మీదుగా వాషింగ్టన్ వెళ్లి, ఆ తరగతిలో శిక్షణ పొంది, నేర్చుకున్నది కలకత్తా పిల్లలకు చెప్పడానికి తిరిగి వచ్చాడు.